ఊడని గుండీ

మిల్లీమీటరు మాస్టారికి ఆ పేరు ఎవరు పెట్టారో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు గానీ, పెట్టినవాడి నోట్లో పంచదార పొయ్యాలి. మెడలో టేపు వేసుకుని తిరిగే దర్జీలు ఊరినిండా ఉన్నారు. కానీ పెళ్ళికి వెళ్ళి, భోజనాల దగ్గర పక్కన కూర్చున్న పెద్దమనిషి కాలరు వైపు తేరిపార చూసి, ఎడమవైపు రెండు మిల్లీమీటర్లు పైకి పోయింది, ఎవడండీ కుట్టినవాడు అని అడిగి, ఆ పెద్దమనిషికి ముద్ద దిగకుండా చేసే మహానుభావుడు మాత్రం ఆయన ఒక్కడే.

మందుల షాపుకీ సైకిలు రిపేరు కొట్టుకీ మధ్య ఇరుక్కున్న పొడుగాటి గది ఆయన దుకాణం. లోపల రెండు మిషన్లు, గుడ్డ కత్తిరించే బల్ల, ఇస్త్రీ బల్ల, గోడకి నిలువుటద్దం. వెలుగు కోసం గుమ్మం పక్కన స్టూలు వేసుకుని ఆయన భార్య కాజాలు కుడుతూ కూర్చుంటుంది. కాజాలు, గుండీలు, హెమ్మింగు ఆవిడ శాఖ. కత్తెర, మిషను, నోరు ఆయన శాఖ. ఆవిడ మాట్లాడేది తక్కువే, మాట్లాడితే మాత్రం సూటిగా తగులుతుంది.

మాస్టారికి ఒకటే పట్టుదల. వంకర కుట్టు కంటబడిందా, విప్పాల్సిందే. ప్యాంటు పొడుగు తగ్గించమని తెచ్చి ఇస్తే పొడుగు తగ్గించడంతో ఆగడు. జేబు దగ్గర ఇంకో దర్జీ వేసిన కుట్టు నచ్చకపోతే అదీ విప్పి మళ్ళీ కుడతాడు. ఎవరూ అడగరు, ఆయన పైసా ఎక్కువ తీసుకోడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ అని భార్య అంటూనే ఉంటుంది. వంకరగా ఉన్నదాన్ని తిన్నగా చేస్తే ఎవరికి నష్టం అని ఆయన వాదన. నిజమే మరి, ఎవరికి నష్టం? ఇన్నేళ్ళలో ఆ మాటకి ఎదురు చెప్పినవాడు లేడు.

ఇక ఆయన కాలరెగరేసుకుని చెప్పుకునే పని ఒకటుంది. సైన్యంలో డ్యూటీకి వెళ్ళి తిరిగిరాని వాళ్ళ పిల్లల్ని ఆ ఊళ్ళో మాజీ సైనికుల సంఘం వాళ్ళు ఏటా ఒకసారి సన్మానిస్తారు. శాలువాలూ జ్ఞాపికలూ కాదు. పోయిన తండ్రిదో తల్లిదో యూనిఫారం కోటు తెప్పించి, దాన్ని పిల్ల కొలతలకి తగ్గించి కుట్టించి, అందరి ముందూ వేదిక మీద ఆ పిల్లకి తొడుగుతారు. తగ్గించి కుట్టేది మన మాస్టారు. కూలి మాట ఎత్తితే కొట్టినంత పని చేస్తాడు. ఆ నెలంతా పెళ్ళి సూట్లు పక్కన పడి ఉంటాయి, పెళ్ళికొడుకులు వచ్చి కాళ్ళావేళ్ళా పడతారు, ఆయన మాత్రం బల్ల మీద పరిచిన కోటు ముందు నుంచి తలెత్తడు.

ఈ సన్మానంలో ఇంకో పద్ధతి ఉంది. పిల్లలకి ముందుగా ఏమీ చెప్పరు. ఇంటివాళ్ళు పిల్ల బడికి వెళ్ళినప్పుడు కోటు తీసి సంఘం కార్యదర్శి చేతిలో పెడతారు, కొలతల కోసం పిల్ల బడి చొక్కా ఒకటి జతచేస్తారు. వేదిక మీద తమ నాన్న కోటు తమకి సరిపోయేలా కనబడగానే పిల్లలు ఆశ్చర్యపోవాలని సంఘం వాళ్ళ సరదా. అందుకని మాస్టారు ఏ పిల్లనీ ముందుగా చూసింది లేదు, ఏ ఇంటివాళ్ళతోనూ మాట్లాడింది లేదు. కోటు వస్తుంది, చొక్కా వస్తుంది, అంతే. చివరికి ఆ సరదాయే కొంప ముంచింది.

ఈ ఏడు కోటు ఒక తల్లిది. సైన్యంలో అంబులెన్సు నడిపేది. కార్యదర్శిగారు కోటు తెచ్చి బల్ల మీద పెట్టి, మైకు అక్కర్లేని తన గొంతుతో మొత్తం కథ చెప్పాడు. నిరుడు కొండదారిలో గాయపడ్డవాళ్ళని తేవడానికి వెళుతుంటే బండి లోయలోకి పడిపోయిందట. ఆ రోజు ఎండ బాగా ఉందని చలికోటు గదిలో కొక్కేనికే వదిలి వెళ్ళిందట. అందుకే ఆమె సామాన్ల పెట్టెతో పాటు కోటు ఇంటికి చేరింది. ఒక్కతే కూతురు, ఎనిమిదేళ్ళది. తల్లి పోయిందని చెప్పిన రోజు నుంచి ఈ రోజు దాకా ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదట. పులిపిల్ల మాస్టారూ, పులిపిల్ల అంటూ కార్యదర్శి తన కళ్ళే తుడుచుకున్నాడు.

ఆయన వెళ్ళాక మాస్టారు కోటుని ఇస్త్రీ బల్ల మీద పరిచి, ముందూ వెనకా తిప్పి చూశాడు. ముతక ఆకుపచ్చ ఉన్ని. భుజాల కుట్టు చూసి సైన్యం దర్జీని మెచ్చుకున్నాడు, లైనింగు చూసి కాస్త పెదవి విరిచాడు. తర్వాత ఎడమవైపు గుండె మీది జేబు మూత ఎత్తాడు. ఎత్తి, భార్యని పిలిచాడు.

మూత కింద ఒక గుండీ. మిగతా గుండీలన్నీ ఆకుపచ్చ దారంతో ఉంటే అదొక్కటీ ఎర్రదారంతో కుట్టి ఉంది. కుట్టడమంటే అలా ఇలా కాదు. సూది గుండీ కన్నాల్లోంచి దిగింది, పక్కనుంచి దిగింది, పైనుంచి చుట్టుకుని పక్కింటి నుంచి కూడా వచ్చి దిగింది. వెనకాల బఠాణీ గింజంత ముడి. ఆ ముడి మీద ఇంకో ముడి.

ఇలాంటి దరిద్రపు కుట్టు నా సర్వీసులో చూళ్ళేదు అన్నాడు మాస్టారు. మూత కింద ఎవరికి కనబడుతుంది, ఉండనివ్వండి అంది భార్య. జేబుకి తగ్గింపు అక్కర్లేదు, దాన్ని కదిలించాల్సిన పనే లేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. కానీ దేశం కోసం ప్రాణం ఇచ్చిన తల్లి కోటు, పదిమందిలో ఆ పిల్ల వేసుకునే కోటు, లోపల ఇలాంటి కుట్టు పెట్టుకుని వెళ్ళడమా? ఆయన మనసొప్పలేదు. కత్తెర మొన దూర్చబోతే దూరలేదు, అంత బిగువుగా ఉంది. బ్లేడు తీసుకుని కోశాడు. బల్ల నిండా ఎర్రటి పోగులు పడ్డాయి. ఉఫ్ అని ఊదేశాడు. ఆకుపచ్చ దారంతో, కొలిచినట్టు, తనే స్వయంగా గుండీ కుట్టి, మూత వేసి, చేత్తో నిమిరి, ఇప్పుడు చూడు అన్నాడు. భార్య ఒకసారి చూసి మళ్ళీ తన కాజా పనిలో పడింది.

సభ రోజు హాలు కిటకిటలాడింది. మాస్టారు ఎప్పటిలాగే ముందు వరసలో, ఇస్త్రీ చొక్కాలో, భార్య పక్కన కూర్చున్నాడు. అందరూ పిల్లల మొహాలు చూస్తే ఆయన భుజాల కుట్టు చూస్తాడు. ఆ ఏడు సన్మానం ఆ పిల్ల ఒక్కదానికే. తండ్రి బస్సు డిపోలో మెకానిక్కు, గోళ్ళలో నల్లటి గ్రీసు పోని మనిషి. వేదిక కింద పక్కగా తన తల్లితో, అంటే పిల్ల నాయనమ్మతో నిలబడ్డాడు. కార్యదర్శి ఉపన్యాసం దంచాడు. తల్లి మరణవార్త విని కూడా కన్నీరు కార్చని ఈ బాలికని చూసి మనమంతా నేర్చుకోవాలి అన్నాడు. చప్పట్లు మోగాయి. ముఖ్య అతిథి ఆ కోటు మడత విప్పి పిల్ల భుజాల మీద వేసి చేతులు తొడిగాడు. అతికినట్టు సరిపోయింది. హాలంతా మళ్ళీ చప్పట్లు.

పిల్ల మొహం ఒక్కసారి వెలిగిపోయింది. అందరూ చూశారు. కుడిచెయ్యి తిన్నగా ఎడమ జేబు దగ్గరికి వెళ్ళింది. చూడకుండానే వేళ్ళు మూత కిందికి పోయాయి. అక్కడ ఆగిపోయాయి. మూత ఎత్తి, గడ్డం ఛాతీకి ఆనించి, లోపలికి చూసింది. ఇంకోసారి తడిమింది. తర్వాత తలెత్తి, మైకు ముందే, ఇది మా అమ్మ కోటు కాదు అంది.

హాల్లో నవ్వులు. కార్యదర్శి కూడా నవ్వి, అమ్మదేనమ్మా, అంత బాగా కుట్టారు మన మాస్టారుగారు, రండి మాస్టారూ, మీరే చెప్పండి అని పిలిచాడు. మాస్టారికి ఏనుగెక్కినంత సంబరమైంది. తన పనితనం చూసి కన్నకూతురే తల్లి కోటుని గుర్తుపట్టలేదంటే అంతకన్నా ఏం కావాలి? మోకాళ్ళ నొప్పి కూడా మరిచిపోయి మెట్లెక్కి పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"మీ అమ్మదేనమ్మా. చూడు, ఇదే గుడ్డ, ఇవే గుండీలు."

"ఇక్కడ ఎర్రదారం గుండీ ఉండాలి."

"ఓ, అదా. ఎవరో చేతకానివాళ్ళు కుట్టారమ్మా. నేనే ఊడదీసి, మంచిగా కుట్టాను."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన నవ్వుతూనే ఉన్నాడు. పిల్ల మొహంలో రంగు పోవడం అంత దగ్గర నుంచి చూసినవాడు ఆయనొక్కడే. పిల్ల ఏడవలేదు, అరవలేదు. ఇంకో అడుగు దగ్గరికి వచ్చి ఆయన కళ్ళలోకి చూసింది.

"అది నేను కుట్టాను. అది ఊడకుండా ఉంటే వచ్చేస్తానని అమ్మ చెప్పింది. నువ్వు ఊడదీశావా?"

మైకు ఆ మాటని హాల్లో ప్రతి మూలకీ మోసింది. చప్పట్లు కొట్టడానికి ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. ముఖ్య అతిథి నోరు తెరిచి మూయడం మరిచిపోయాడు. మాస్టారి నెత్తిన పిడుగు పడింది. మోకాళ్ళ మీద కూర్చున్నవాడు అలాగే కొయ్యబారిపోయాడు. తండ్రి పరుగున వచ్చి పిల్లని ఎత్తుకుని పక్క తలుపులోంచి వెళ్ళిపోయాడు. తండ్రి భుజం మీదుగా పిల్ల మాస్టారినే చూస్తూ ఉంది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. ఏదో ఘోరం కళ్ళారా చూసిన మనిషి చూపు అది. చివరికి భార్యే వేదిక ఎక్కి, చంక కింద చెయ్యి వేసి ఆయన్ని లేపి, నలుగురూ చూస్తుండగా బయటికి నడిపించుకుపోయింది.

ఆ రోజు మొదలు మాస్టారి నోరు పడిపోయింది. దుకాణం తెరిచాడు గానీ మిషను తొక్కలేదు. సైకిలు కొట్టువాడు వచ్చి చిన్నపిల్ల మాటలకి ఇంత బాధ ఎందుకన్నాడు, వినబడనట్టే కూర్చున్నాడు. ఆయన మనసులో ఇంకో భయం మొదలైంది. మనుషుల మొహాలు గుర్తుండవు గానీ ఆయనకి చేతిలోకి వచ్చిన ప్రతి కోటూ గుర్తే. ఒక కోటు జేబు అంచు మీద ఎవరో సొట్టగా అతికిన నీలం గుడ్డముక్క ఉండేది, పీకేశాడు. ఇంకోదాని లైనింగు మీద పెన్నుతో గీసిన పువ్వు ఉండేది, ఆ లైనింగే మార్చేశాడు. మోచేతి దగ్గర ఊలు అతుకు ఒకటి. అన్నీ బాగుచేశాడు. అవి ఎవరు చేసినవో ఒక్కసారీ అడగలేదు. ఆ పిల్లలందరూ వేదిక మీద కోటు తొడుక్కుని, ఆయనకి దణ్ణం పెట్టి, ఏమీ అనకుండా దిగి వెళ్ళిపోయారు.

కొన్నాళ్ళకి పిల్ల తండ్రి డిపో నుంచి తిన్నగా, అదే గ్రీసు చేతులతో దుకాణానికి వచ్చాడు. సంచీలోంచి కోటు తీసి బల్ల మీద పెట్టాడు. తిట్టడానికి వచ్చాడనుకుని మాస్టారు లేచి నిలబడ్డాడు. అతను తిట్టలేదు. స్టూలు మీద కూర్చుని జరిగింది చెప్పుకొచ్చాడు.

తల్లి చివరిసారి సెలవు మీద వచ్చినప్పుడు జేబు గుండీ ఊడిపోయిందట. పిల్ల తనే కుడతానని మారాం చేసి, ఇంట్లో ఉన్న ఎర్రదారంతో పొద్దుగూకేదాకా కుట్టిందట. ఆవిడ నవ్వి, దీన్ని ఏనుగు కట్టి లాగినా ఊడదు, ఇది ఊడకుండా ఉన్నన్నాళ్ళూ నేను వచ్చేస్తూనే ఉంటాను అని ముద్దుపెట్టుకుని వెళ్ళిందట. అది ఆటలో అన్న మాట కదా అని అతను అప్పుడే మరిచిపోయాడు. తర్వాత కబురొచ్చింది, సామాన్ల పెట్టె వచ్చింది. అమ్మ చనిపోయిందని పిల్లకి అతనే చెప్పాడు. పిల్ల తలూపి, బీరువా దగ్గరికి వెళ్ళి, కోటు జేబు ఎత్తి చూసుకుని, వచ్చి అన్నం తినేసింది. రోజూ బడి నుంచి రాగానే ఒకసారి బీరువా తెరిచేది. అమ్మ మీద బెంగతో చూసుకుంటోంది కాబోలు అనుకున్నారు ఇంట్లో. కోటు సంఘానికి ఇచ్చిన రోజుల్లో ఉతకడానికి వేశాం అని సర్దిచెప్పారు.

"మేమంతా ధైర్యం అనుకున్నాం మాస్టారూ. ఊళ్ళోవాళ్ళు కూడా ధైర్యం అని మెచ్చుకున్నారు. అమ్మ పోయిందని అది అసలు నమ్మనే లేదు."

మాస్టారు బల్ల అంచు పట్టుకున్నాడు. తండ్రి చెప్పుకుపోతూనే ఉన్నాడు. పిల్ల ఇప్పుడు ఎవరితోనూ మాట్లాడటం లేదు, రెండు ముద్దలు కూడా తినడం లేదు. అడిగితే ఒకటే మాట, ఆ దర్జీ తాతయ్య ఊడదీశాడు కాబట్టి ఇంక అమ్మ రాదు అంటుంది. నాయనమ్మ బతిమాలింది, బడి టీచరమ్మ వచ్చి చెప్పింది, పిల్ల చెవిన పెట్టలేదు. అందుకని అతను ఒక ఉపాయం ఆలోచించుకుని వచ్చాడు. ఎర్రదారంతో మునుపటిలాగే మళ్ళీ కుట్టివ్వండి, ఆ రోజు వేరే కోటు పొరపాటున వచ్చింది, నీ కోటు ఇదుగో అని చెబుతాను అన్నాడు. పనిమంతులు, మీరు కుడితే దానికి తెలియదు అంటూ చేతులు పట్టుకున్నాడు. మాస్టారు సరేనన్నాడు. ఆ స్థితిలో గోడ దూకమన్నా దూకేవాడు.

అతను వెళ్ళాక ఆకుపచ్చ దారం విప్పి, ఎర్రదారం సూదికి ఎక్కించి కూర్చున్నాడు. ఇక్కడే వచ్చింది అసలు చిక్కు. ఆయన చెయ్యి వంకరపోదు. సూదిని పక్కకి దించుదామనుకుంటే పోయి పోయి కన్నంలోనే దిగుతుంది. ఎడమచేత్తో కుట్టాడు, అదీ తిన్నగానే వచ్చింది. కళ్ళు మూసుకుని కుట్టాడు, పోగులు వరసలో నిలబడ్డాయి. విప్పాడు, కుట్టాడు, మళ్ళీ విప్పాడు. ఎంత పాడుచేద్దామన్నా అది దర్జీ కుట్టే తప్ప పిల్ల కుట్టు కాలేదు. జీవితమంతా దేన్ని చూసి మీసం మెలేశాడో అదే ఆయనకి అడ్డం తిరిగింది. చివరికి కోటు ఒళ్ళో పెట్టుకుని, చచ్చుబడిన చేతులతో, భార్య వైపు చూశాడు.

ఆవిడ కాజా పని పక్కన పెట్టింది.

"వంకరగా కుట్టడానికేముందండీ, వీధిలో ఏ పిల్లాణ్ణి పిలిచినా కుడతాడు. కుట్టాక ఏం చేస్తారు? అది మళ్ళీ రోజూ మూత ఎత్తి చూసుకుంటుంది. ఎన్నేళ్ళు చూసుకుంటుంది?"

మాస్టారు సూదిలోంచి దారం లాగేసి, గుండీ లేకుండానే కోటు మడిచి, సంచీలో పెట్టుకుని లేచాడు. ఆవిడ కూడా వస్తానంది. వద్దన్నాడు. చేసింది నేను, చెప్పాల్సింది నేను అన్నాడు.

వాళ్ళది మూడో అంతస్తు. మెట్లెక్కేసరికి ఆయనకి ఆయాసం. తలుపు తీసిన నాయనమ్మ ఆయన్ని చూసి దారి ఇవ్వలేదు. మీకో దణ్ణం, ఇంకా ఏం మిగిలిందని వచ్చారు అంది. ఆ మాట పడాల్సిందేనని ఆయన తలొంచుకుని నిలబడ్డాడు. లోపల నుంచి తండ్రి వచ్చి, కుట్టేశారా అని కళ్ళతోనే అడిగాడు. మాస్టారు జవాబు చెప్పకుండా లోపలికి నడిచాడు.

పిల్ల బీరువా పక్కన నేల మీద, గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన కంచంలో అన్నం ఎండిపోయింది. మాస్టారు కష్టపడి ఎదురుగా చతికిలబడ్డాడు. కోటు తీసి ఇద్దరి మధ్యా పరిచి, తనే జేబు మూత ఎత్తి చూపించాడు. గుండీ ఉన్నచోట నాలుగు సూది గుర్తులు తప్ప ఏమీ లేవు.

"ఇక్కడ మళ్ళీ ఎర్రదారంతో కుట్టి తెమ్మని మీ నాన్న చెప్పాడమ్మా. నేను కుట్టలేదు. నీ కుట్టు నేనే కోసేశాను. అడక్కుండా కోశాను, తప్పు చేశాను."

గుమ్మం దగ్గర తండ్రి నిశ్చేష్టుడై నిలబడిపోయాడు. పిల్ల ఆ సూది గుర్తుల వైపే చూస్తూ, ఎన్నాళ్ళ తర్వాతో తనంతట తానుగా నోరు విప్పింది.

"నువ్వు కోయకముందు అమ్మ వస్తూ ఉందా?"

ఎన్ని తిట్లకైనా సిద్ధపడి వచ్చిన మనిషి ఈ ప్రశ్నకి సిద్ధపడి రాలేదు. అవును అంటే ఆ తల్లిని చంపిన పాపం తనదే అవుతుంది. కాదు అంటే ఇంతకాలం ఈ పిల్ల కళ్ళల్లో పెట్టుకుని కాపాడుకున్న తల్లి ఈ క్షణమే పోతుంది. చెప్పొద్దు అన్నట్టు తండ్రి తల అడ్డంగా ఊపడం ఆయనకి కనబడుతూనే ఉంది. మాస్టారు పిల్ల మొహం వైపు మాత్రమే చూశాడు.

"లేదమ్మా. నిరుడు బండి పడిపోయిన రోజే అమ్మ చనిపోయింది. ఆ రోజు నీ గుండీ గట్టిగానే ఉంది. నా దగ్గరికి వచ్చినప్పుడు కూడా ఒక్క పోగు కదల్లేదు. నువ్వు బాగా కుట్టావు. అయినా అమ్మ రాలేకపోయింది."

"ఆ రోజు కోటు వేసుకునుంటే?"

"వేసుకున్నా అంతేనమ్మా. గుండీకి కోటుని పట్టుకోవడమే వచ్చు."

"మరి అమ్మ అలా ఎందుకు చెప్పింది?"

"రావాలనుకుంది కాబట్టి చెప్పింది."

అయితే నువ్వు కాదా అని పిల్ల అడిగింది. నేను కాదమ్మా అన్నాడు మాస్టారు. ఈ ఒక్క మాట కోసం ఇన్నాళ్ళూ తిండీ నిద్రా మానుకున్నాడు. తీరా ఆ మాట వచ్చేసరికి, తన నెత్తి మీది పాపం దించిన ఆ మాటతోనే ఈ పిల్లకి తల్లి లేకుండా పోయిందని అర్థమై, చెయ్యి చాచి ముట్టుకునే ధైర్యం కూడా చాల్లేదు ఆయనకి.

ముందు పిల్ల పెదవి కదిలింది. తర్వాత గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది, పిల్లలు ఏడ్చే ఏడుపులా లేదది. ఏడాది నుంచి రానిదంతా ఒకేసారి వచ్చింది. నాయనమ్మ హడలిపోయి, ఊరుకో అమ్మా, నువ్వు ధైర్యవంతురాలివి కదా అంటూ పరుగెత్తుకొచ్చింది. మాస్టారు ఆవిడకి అడ్డంగా చెయ్యి పెట్టి ఆపాడు.

పిల్ల ఏడుస్తూనే లేచి, తడబడుతూ గుమ్మం దగ్గరికి వెళ్ళి, తండ్రి చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. అతనికి తెలియని కబురు చెబుతున్నట్టు, అతను తట్టుకోగలడో లేదో అని భయపడుతున్నట్టు, నెమ్మదిగా చెప్పింది.

"నాన్నా, అమ్మ చనిపోయింది."

ఏడాదిగా ఆ సంగతి తెలిసిన మనిషి, ఆ మాట కూతురికి స్వయంగా చెప్పిన మనిషి, అప్పుడే విన్నట్టు గోడకి ఆనుకుని కిందికి కూలబడిపోయాడు.